గురువుగారి ఫొటోకు దండ

మొన్న జూన్‌లో ఒక పొద్దున ఉప్పల్ మెట్రో స్తంభాల కింద ఆటో ఆపించి, పూలబండి దగ్గర బంతిపూల దండ ఒకటి కొన్నాను. మా తమ్ముడు శ్రీను నాచారంలో కొత్త ఫ్లాటులోకి మారి, మా పెద్దనాయిన ఫొటో పెద్దది చేయించి ఫ్రేము కట్టించాడు. దండ నువ్వు తీసుకురా అక్కా అన్నాడు. మళ్లీ ఆటో ఎక్కేసరికి ఫోన్‌లో రోజూ వచ్చే సందేశం వచ్చి కూర్చుంది. నాతో పాటు రిటైరైన టీచరు ఒకాయన పంపుతాడు. పైన 'చరిత్రలో ఈ రోజు' అని ఎర్రటి అక్షరాలు, కింద ఆ తేదీన పుట్టిన పాటగాళ్లు, నటులు, క్రికెటర్లు, ఎక్కడో ముగిసిన యుద్ధం, ఎవరో ఎక్కిన కొండ. ఆయనకు వేరే పని లేదు, నాకు చదివే ఓపిక లేదు. ఆ రోజు మాత్రం చదివాను. ఎండాకాలం చివర్లో వచ్చే ఆ తేదీ మా ఇంట్లో పండుగ. సినిమాల్లో పాడిన ఒక గొప్ప గాయకుడు ఆ రోజు పుట్టాడు. మా పెద్దనాయిన కూడా ఆ రోజే పుట్టాడు, అంటే పుట్టానని ఆయనే చెప్పుకున్నాడు. గాయకుడు పోయి కొన్నేళ్లయింది కాబట్టి, సందేశంలో ఆయన ఫొటోకు కంప్యూటర్‌లో గీసిన దండ వేశారు. అది సరైన దండే. అయినా ఆ ముఖం మీద దండ కనబడితే నేను ఇప్పటికీ ఫోన్ బోర్లా పెట్టేస్తాను. ఎందుకో చెప్పాలంటే నాచారంలోని మా పాత ఇంటికి, నేను తొమ్మిదో తరగతికి వెళ్లబోతున్న ఎండాకాలానికి పోవాలి.

మా వాళ్లది భువనగిరి వైపు పల్లె. ఆ తరంలో పుట్టిన రోజులు ఎవరికీ తెలియవు. మక్కచేన్ల కాపలా కాసేటప్పుడు పుట్టిండు, పెద్దవాన పడ్డ ఏడు పుట్టింది, ఇంతే లెక్క. బడిలో చేర్చేటప్పుడు సారు పిల్లవాడి ముఖం చూసి, తలమీదుగా చెయ్యి తిప్పి చెవి అందుతుందో లేదో చూసి, ఏదో ఒక జూన్ తేదీ రాసేసేవాడు. బడి తెరిచేది జూన్‌లో గనుక అదే చేతికి అలవాటు. అందుకే నాచారం ఫ్యాక్టరీల్లో పనిచేసిన మా వైపు వాళ్లంతా జూన్‌లోనే పుట్టారు, జూన్ నెలాఖరుకే రిటైరయ్యారు. ఆ నెలలో శాలువాలకు ఎంత గిరాకీ ఉండేదో. పెద్దనాయినకు కూడా బడి సారు ఇచ్చిన తేదీ ఒకటి ఉంది. కానీ ఆయన దాన్ని ఒప్పుకోలేదు. ఎట్లాగూ అబద్ధమే అయినప్పుడు మంచి అబద్ధం చెప్పుకుంటే పోలా అని, నాలుగు రోజులు అటు జరిపి, ఆ గాయకుడు పుట్టిన తేదీని తన తేదీ చేసుకున్నాడు.

ఆ గాయకుడి పేరు ఇక్కడ రాయను. మా ఇంట్లో కూడా ఎవరూ ఆ పేరు పలికేవాళ్లు కాదు. పెద్దనాయిన ఆయన్ను 'గురువుగారు' అనేవాడు, మేమూ అదే అనేవాళ్లం. ఆ గురువుగారికి ఇట్లాంటి శిష్యుడు ఒకడు నాచారంలో లేతు మిషను ముందు నిలబడి ఉన్నాడని తెలియదు. పెద్దనాయిన పేరు నర్సింహులు. పొద్దంతా ఇనుప కడ్డీలు చెక్కి, సాయంత్రం మిషను నూనె వాసనతో ఇంటికి వచ్చి, సున్నిపిండితో మోచేతుల దాకా రుద్దుకుని, తెల్ల లాల్చీ వేసుకుని హార్మోనియం ముందు కూర్చునేవాడు. కూర్చున్నాక ఆయన వేరే మనిషి. పెళ్లిళ్లలో, గణేశ్ మండపాల దగ్గర ఆర్కెస్ట్రాలో పాడేవాడు. కళ్లు మూసుకుంటే రేడియో అనుకునేవాళ్లం. ఆయనకూ మా పెద్దమ్మ సత్తెమ్మకూ పిల్లలు లేరు. నాయిన, అమ్మ, నేను, శ్రీను, వాళ్లిద్దరూ, అందరం ఒకే ఇల్లు, ఒకే పొయ్యి. మధ్యాహ్నం గాలి తిరిగితే ఇంట్లోకి బిస్కెట్ల వాసన వచ్చేది, సాయంత్రం తిరిగితే మందుల కంపెనీ వాసన. గురువుగారి పుట్టినరోజున మాత్రం ఏ గాలీ గెలిచేది కాదు. పెద్దమ్మ సేమియాను నేతిలో ఎర్రగా వేయించి పాయసం కాచేది. సాయంత్రం గల్లీ అంతా మా వాకిట్లో చేరేది. పెద్దనాయిన గురువుగారి పాట ఒక్కటంటే ఒక్కటి పాడి హార్మోనియం మూసేసేవాడు. ఇంకొకటి అంటే కోపం వచ్చేది.

గల్లీ చివర యాదగిరి క్యాసెట్ల దుకాణం ఉండేది. కావాల్సిన పాటలు చెప్తే ఖాళీ క్యాసెట్‌లో ఎక్కించి ఇచ్చేవాడు. ఆ దుకాణం ముందు రోజూ ఒక స్టూలు, స్టూలు మీద ఆ రోజు పుట్టిన సంగీత దర్శకుడిదో, గాయనిదో, హీరోదో ఫొటో, ఫొటోకు ఆనించి పలక, పలక మీద సుద్దముక్కతో పేరు. ఇప్పుడు ఫోన్‌లోకి వచ్చే సందేశమే అనుకోండి, కాకపోతే చూడటానికి కాళ్లు కదలాలి. ఎండలు ముదిరే నెలల్లో పుట్టినవాళ్లు ఎక్కువో, మాకు సెలవుల వల్ల అట్లా అనిపించిందో తెలియదు, వేసవంతా ఆ స్టూలు ఖాళీగా ఉండేది కాదు. యాదగిరి ఆ ఫొటో పైన ఒక గులాబీ గుచ్చేవాడు. బతికున్నవాళ్లకు గులాబీ, పోయినవాళ్లకు దండ, దీపం. ఇది ఎవరూ నేర్పక్కర్లేదు. గోడ మీద మనిషి ఫొటోకు దండ వేలాడుతుంటే ఆ ఇంట్లో ఏం జరిగిందని ఎవరన్నా అడుగుతారా?

ఆ వేసవి మొదట్లో పెద్దనాయిన మిషను దగ్గరే గుండె పట్టుకుని కూలబడ్డాడు. దవాఖానాలో పెట్టుకుని, చివరికి ఇంటికి పంపుతూ డాక్టరు మా నాయినను పక్కకు పిలిచి ఒక మాట చెప్పాడు. మనిషి గట్టివాడే గానీ గుండె ఇంకా కుదురుకోలేదు, కొన్నాళ్లు ఏ పిడుగులాంటి వార్తా ఆయన చెవిన పడొద్దు, పడితే నా పూచీ లేదు. ఆ మాట మా ఇంటిని పట్టుకుంది. వాకిలి తలుపు గట్టిగా వేస్తే అమ్మ మా మీదికి లేచేది. ఉత్తరం వస్తే నాయిన ముందు చదివి, తర్వాత ఇచ్చేవాడు. పెద్దమ్మ పొద్దుగూకులూ ఆయన శ్వాస వింటూ ఉండేది. పుట్టినరోజు దగ్గర పడేకొద్దీ పెద్దనాయిన మాత్రం ఒకటే అనేవాడు. "ఒక్క పాట, సత్తెమ్మా. గొంతుకేం గాలె గదా, గుండెకు గదా అయింది." గొంతు దమ్ము గుండెలో నుంచే వస్తుందని ఆయనకు ఎవరు చెప్పాలి?

ఆ రోజు ఆదివారం. మృగశిర దగ్గర పడ్డా చినుకు లేదు. పొద్దున్నే ట్రాన్స్‌ఫార్మర్ పేలి నాచారం సగానికి కరెంటు పోయింది. నాయిన సేమియా కోసం సైకిలు మీద వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చాడు. సైకిలు గోడకు ఆనించడం కూడా మరిచి వదిలేస్తే అది పడిపోయింది. అమ్మనూ పెద్దమ్మనూ పెరట్లోకి పిలిచాడు. నేను బావి గట్టు మీద పళ్లు తోముకుంటున్నాను.

"గురువుగారు పోయిండు," అన్నాడు.

యాదగిరి దుకాణం షట్టరు సగం దించి ఉందట. స్టూలు మీద గురువుగారి ఫొటో, ఫొటోకు నిండు దండ, నుదుట కుంకుమ, ముందు దీపం, ఊదుబత్తులు. యాదగిరి లేడు. ఊరి నుంచి వచ్చిన వాళ్లమ్మ బాలమ్మ పక్కన తల మీదికి కొంగు లాక్కుని కూర్చుని ఉందట. నాయిన చెప్పులు విప్పి దండం పెట్టి వచ్చేశాడు.

"పేపర్ల లేదు గదా," అంది అమ్మ.

"రాత్రి పోయి ఉంటడు. పేపరు అచ్చయినంక."

మా నాయిన ఉప్పల్‌లో ఒక పరిశోధనశాలలో పనిచేసేవాడు. అక్కడ ఒక బండరాయిని నాలుగు రకాలుగా పరీక్షించనిదే అది రాయి అని కూడా రాయరు. అట్లాంటి మనిషి ఒక దండ చూసి వచ్చాడు, మేమందరం నమ్మాం. ఎవరినైనా అడగాలన్న ఆలోచన ఒక్కరికీ రాలేదు. దండను ఎవరు అనుమానిస్తారు?

పెద్దమ్మ ఏడవలేదు. "ఆయనకు తెల్వద్దు," అంది. "ఇయ్యాల గడిస్తే సాలు. రేపటి సంగతి రేపు." అంతే, ఇల్లు కోటగా మారింది. ఆయన ఏడు గంటల పాటల కార్యక్రమం వినేలోపు అమ్మ ట్రాన్సిస్టరులోని సెల్లులు తీసి కందిపప్పు డబ్బాలో పాతిపెట్టింది. ఇప్పుడు తలుచుకుంటే నాకు ఒళ్లు మండుతుంది. గురువుగారు బతికే ఉన్నాడని చెప్పగలిగిన వస్తువు ఆ ఇంట్లో అదొక్కటే. దాని నోరు ముందు మూశాం.

"రేడియోకు ఏమైంది?" అన్నాడు పెద్దనాయిన.

"సెల్లులు అయిపోయినయ్," అంది అమ్మ, ఆయన ముఖం చూడకుండా.

"మొన్ననే గదా ఏసింది."

ఆయన అమ్మను చూశాడు, తలుపు దగ్గర నిలబడ్డ నాయినను చూశాడు, ట్రాన్సిస్టరు పక్కన పెట్టేశాడు.

తర్వాత పాయసం. చావు కబురు వచ్చిన రోజు తీపి వండుతారా? వండకపోతే ఆయన అడుగుతాడు. పెద్దమ్మ చివరికి పొయ్యి వెలిగించింది. పక్కింట్లో సేమియా బదులు తెచ్చి, నేతిలో వేయించింది. ఏలకులు దంచుతూ కన్నీళ్లు రోట్లో పడకుండా మొహం పక్కకు తిప్పుకోవడం నేను చూశాను. ఆమె ఏడుస్తున్నది గురువుగారి కోసం కాదని నాకు అప్పుడే తెలుసు. భయంతో ఏడుస్తున్నది. నాకూ భయంగా ఉండింది. ఎవరో గేటు తీస్తారు, ఒక్క మాట అంటారు, పెద్దనాయిన గుండె పట్టుకుంటాడు. పొద్దంతా నా కళ్ల ముందు అదే.

ఆ గేటు తీసింది ఎదురింటి కామేశ్వరిగారు. రాజమండ్రి వైపు వాళ్లు, ఆమె భర్త రైల్వేలో చేసేవారు. ఆమె కూడా దండ చూసి వచ్చింది. "ఎంత ఘోరం జరిగిపోయిందండీ సత్యమ్మగారూ," అని వాకిట్లోనే మొదలుపెట్టింది. నేను ఉరికి ఆమె చెయ్యి పట్టుకున్నాను. పెద్దనాయిన లోపలి నుంచి, "ఏంది, ఏం ఘోరం?" అన్నాడు.

కామేశ్వరిగారు మంచి మనిషి, కానీ నోటికి తోచింది అనేయడమే తప్ప అల్లడం రాదు. "ఏం లేదండీ, మా... మా పిల్లి," అంది. వాళ్లింట్లో పిల్లి లేదు. ఆ సంగతి పెద్దనాయినకు తెలుసు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఆయన్ను ఒకసారి తేరిపార చూసి, ఏడుస్తూ వెళ్లిపోయింది.

మధ్యాహ్నం నుంచి పెద్దనాయిన ఏదో వింతగా ఉన్నాడు. రెండు ముద్దలు తిని లేచాడు. శ్రీనును పిలిచి హార్మోనియం తిత్తులు ఎంత నెమ్మదిగా లాగాలో చూపించాడు. "గుంజొద్దు బిడ్డా. ఊపిరి తీసినట్టు తియ్యాలె," అన్నాడు. నన్ను కూర్చోబెట్టుకుని నువ్వు మంచిగా చదువు, పద్మా, టీచరమ్మవు కావాలె అన్నాడు. పెద్దమ్మతో ఎండకు పోకు, నీకు తల తిరుగుతది అన్నాడు. నాయినను అయితే చెయ్యి పట్టుకుని వదల్లేదు. చిన్నప్పుడు ఊళ్లో ఇద్దరూ కలిసి వాగు దాటిన సంగతి చెప్పాడు. నాయిన వింటూ తలవంచుకున్నాడు, కన్నీళ్లు ఆయన చేతి మీదే పడ్డాయి. పెద్దనాయిన చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. ఆయన ఎందుకట్ల మాట్లాడుతున్నాడో మాకు తోచలేదు. మా భయం మాకు సరిపోయింది.

సాయంత్రం ఎండ గోడలు దిగేసరికి లాల్చీ వేసుకుని వాకిట్లోకి వచ్చాడు. వద్దంటే ఎందుకని అడుగుతాడు గదా, పెద్దమ్మ అడ్డం పోలేదు. మాత్ర మాత్రం చీరకొంగుకు ముడేసుకుని ఆయన వెనకే కూర్చుంది. గల్లీ అంతా వచ్చింది. నాయిన ఇంటింటికీ పోయి చెప్పి వచ్చాడు, ఆయనకు తెలియదు, ఎవరూ నోరు జారొద్దని. ప్రతి ఏడూ కేకలతో నిండే వాకిలి ఆ రోజు చప్పుడు లేకుండా నిండింది. నవ్విన ముఖం ఒక్కటీ లేదు. ఆయన అందరినీ ఒకరి తర్వాత ఒకరిని చూసి, చేతులు జోడించి, అప్పుడు మొదలుపెట్టాడు.

ఆ పాట అంత బాగా ఆయన అంతకుముందు పాడలేదు, ఆ తర్వాతా పాడలేదు. పల్లవి అయిపోయింది, మొదటి చరణం అయింది. ముందు కామేశ్వరిగారికి ఏడుపు ఆగలేదు. ఆమెను చూసి ఇంకొకరు, ఇంకొకరిని చూసి మా అమ్మ. చివరికి వాకిలంతా ఏడుస్తున్నది. పెద్దనాయిన పాట ఆపి, తిత్తుల మీద చెయ్యి పెట్టాడు.

"సాలు," అన్నాడు. "పొద్దటి సంది సూస్తున్న. నాకు తెలిసింది."

పెద్దమ్మ కొంగు ముడి విప్పుకుంటున్నది. నాయిన ముందుకు వచ్చి, "అన్నా, మేమే చెప్దామనుకున్నం..." అన్నాడు.

"ఎన్ని దినాలన్నడు డాక్టరు?"

"ఏం దినాలు?"

"నాకు."

ఎర్రబడ్డ కళ్లు, ఆగిపోయిన రేడియో, లేని పిల్లి, తమ్ముడి కన్నీళ్లు, ఇప్పుడు ఊరంతా వచ్చి తన ముందు కూర్చుని ఏడవడం, ఇవన్నీ ఆయన పొద్దటి నుంచి ఒక్కొక్కటిగా కూడుకుంటూ వచ్చాడు. మేం పిడుగు పడకుండా గొడుగు పట్టామనుకున్నాం. ఆ పిడుగును పొద్దంతా కొంచెం కొంచెంగా ఆయన నెత్తిన పెట్టింది మేమే. ఆయన అది మోస్తూనే మాకందరికీ అప్పగింతలు చెప్పాడు, చివరి పాట అనుకుని ఆ పాట పాడాడు.

పెద్దమ్మ ఆయన రెండు భుజాలూ పట్టుకుంది. "నీకేం గాలేదయ్యా. నీకేం గాదు. పోయింది గురువుగారు."

"గురువుగారా?" ఆయన చెయ్యి ఛాతీ మీదికి పోయింది. పెద్దమ్మ మాత్ర ఆయన నాలుక కింద పెట్టింది. నాయిన దవాఖానాకు ఆటో కోసం గేటు వైపు ఉరికాడు. ఆ గేటు ముందే యాదగిరి స్కూటరు వచ్చి ఆగింది, వెనక మిఠాయి డబ్బా కట్టి ఉంది.

"ఏందే, అందరు గిట్ల గూసున్నరు?" అన్నాడు యాదగిరి.

"నీ దుకాణం ముంగట గురువుగారికి దండ..." అన్నాడు నాయిన, మాట పూర్తి చేయలేక.

"దండనా? మా అమ్మ ఏసి ఉంటది. ఆమెకు ఫ్రేము కట్టిన ఫొటో ఏది కనబడ్డా దేవుడే. మొన్న నా పెళ్లి ఫొటోకు గూడ ఏసి దీపం పెట్టింది. కరెంటు లేదని షట్టరు దించి నేను సికింద్రాబాదు పోయిన." అందరి ముఖాలూ చూశాక గానీ వాడికి సంగతి అర్థం కాలేదు. "అయ్యో, గురువుగారు బతికే ఉన్నడు. హోటల్ల రేడియోల మాట్లాడుతుంటే ఇందాకనే ఇన్న. పుట్టినరోజు జేసుకుంటున్నడు, జర జలుబున్నదంట, అంతే."

పెద్దనాయిన చెయ్యి ఛాతీ మీది నుంచి కిందికి జారింది. అందరం ఆ చేతినే చూస్తున్నాం. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వే ఏడుపయింది. ఆయన ఏడవగా నేను చూసింది ఆ ఒక్కసారే. "పొద్దటి సంది సచ్చి కూసున్న గదనే సత్తెమ్మా," అన్నాడు. "ఇంత పాయసమన్నా పొయ్యి."

ఆ తర్వాత పెద్దనాయిన చాలా ఏళ్లు బతికాడు. గురువుగారి కబురు వినకుండా పోవాలని అనేవాడు, ఆయన కంటే ముందే పోయాడు. గురువుగారు పోయినప్పుడు నేను స్కూలు స్టాఫ్ రూములో ఉన్నాను. ఫోన్‌లో వచ్చింది, అది ఇంకో నలుగురికి పంపాను, గంట కొడితే క్లాసుకు పోయాను. ఎవరూ ఎవరి దగ్గరా ఏదీ దాచలేదు, దాచాలన్నా కుదరదు. అబద్ధం కబురైతే అయిదు నిమిషాల్లో తేలిపోతుంది కూడా. అది మంచిదే. కానీ ఒక మనిషి గుండె కోసం గల్లీ అంతా నోరు కట్టుకుని కూర్చోవడం నేను మళ్లీ చూడలేదు. చేసింది తెలివితక్కువ పనే. అయినా అది గుర్తొస్తే నాకు ఆ మనుషులందరి మీదా ప్రేమ పుట్టుకొస్తుంది.

మొన్న శ్రీను ఫ్లాటులోకి వెళ్లేసరికి పెద్దమ్మ కుర్చీలో కూర్చుని ఉంది. చూపు తగ్గింది గానీ బంతిపూల వాసన గుమ్మంలోనే పట్టింది.

"అదెందుకు తెచ్చినవు బిడ్డా?"

"పెద్దనాయిన ఫొటోకు."

"గుమ్మానికి కట్టు. ఇయ్యాల ఆయన పుట్టినరోజు." నేను కదలకపోయేసరికి మళ్లీ అంది. "ఆ ఒక్క దండ జూసి, బతికున్న మనిషి కోసం పొద్దంత ఏడ్సినం. ఇప్పుడు నా చేతులతోని నేనే ఏస్తనా?"

శ్రీను స్టూలెక్కి దండ గుమ్మానికి కట్టాడు. పెద్దమ్మ దాంట్లో నుంచి ఒక పువ్వు తెంపించుకుని, తడుముకుంటూ పోయి ఫ్రేము పైన గుచ్చింది. ఫొటోలో పెద్దనాయిన తెల్ల లాల్చీలో ఉన్నాడు. వచ్చి కూర్చున్నాక, "ఫోన్ల ఈ దినం పుట్టినోళ్ల పేర్లు వస్తయంట గదా. సదువు," అంది.

చదివాను. ఒక నటి, ఒక క్రికెటరు, పేరు తిరగని పరదేశపు వయొలిన్ విద్వాంసుడు, తర్వాత గురువుగారు. అక్కడ ఆగాను. ఫోన్ అట్లే చూస్తూ, "నర్సింహులు. లేతు మిషను ఆపరేటరు, గాయకుడు, నాచారం," అని చదివాను.

"గురువుగారి పక్కకే పెట్టిన్రా?"

"పక్కకే పెట్టిన్రు, పెద్దమ్మా."

ఆమె తల ఊపింది. నేను అల్లి చదివానని ఆమెకు తెలిసిందనే అనుకుంటాను. కాసేపటికి వంటింటి వైపు తిరిగి, పాలు పొయ్యి మీద పెట్టమని మరదలికి కేకేసింది.